బెంగళూరు నుంచి ట్రెక్కింగ్‌కు మొదటి టెంటు: తక్కువ ధరలో, మోయగలిగే బరువులో ఎలా ఎంచుకోవాలి

"ఐదు వేల లోపు, రెండు కిలోల లోపు, ఇద్దరు పడుకోగలిగేది, వానకు కారనిది ఒక టెంటు చెప్పండి." మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పీజీల్లో, అద్దె ఇళ్లలో ఉంటూ కొత్తగా కొండలెక్కడం మొదలుపెట్టిన మన తెలుగువాళ్లు ఇంచుమించు ఇదే అడుగుతారు. ఈ నాలుగు కోరికలూ ఒకే టెంటులో తీరవు. మూడు తీరతాయి, నాలుగోది వదులుకోవాలి. ఏది వదులుకోవాలో తేల్చుకోగలిగితే ఎంపిక సగం అయిపోయినట్టే. నన్నడిగితే, మొదటి టెంటుకు బరువు దగ్గర అర కిలో, ముప్పావు కిలో వదులుకోండి. వాన దగ్గర మాత్రం వదులుకోకండి. భుజాలు కొంత దూరం నడిచాక అర కిలోకు సర్దుకుంటాయి. తడిసిన పక్క మీద ఎవరికీ నిద్ర పట్టదు.

శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కి ఆదివారం రాత్రికి తిరిగి వచ్చేవారి కోసం ఇది రాస్తున్నాను. మంచు మీద పడుకునే ప్రయాణాలకు వేరే టెంట్లు, వేరే లెక్కలు ఉంటాయి.

దగ్గర పెట్టుకోవలసినవి

- కొలత టేపు, ఒక సుద్దముక్క
- సూట్‌కేసులు తూచే వేలాడే తూకం. లేకపోతే ఇంట్లో మనుషులు బరువు చూసుకునే యంత్రం చాలు: టెంటు పట్టుకుని ఒకసారి, వట్టి చేతులతో ఒకసారి ఎక్కి తేడా తీయండి.
- మీరు నిజంగా వాడబోయే పడక మ్యాటు, స్లీపింగ్ బ్యాగు
- మోసుకెళ్లే ట్రెక్కింగ్ బ్యాగు
- మేడ మీద మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు జాగా. ఇంటి యజమానికి ముందే చెప్పి ఉంచండి. మేడ మీద డేరా లేస్తే కాపురం పెడుతున్నారనుకునే యజమానులు ఉన్నారు.

1. రాత్రులు ఎక్కడ గడుపుతారో ముందు రాసుకోండి

టెంటు బొమ్మలు చూడడానికి ముందు వచ్చే ఏడాదిలో బయట పడుకోబోయే రాత్రులు ఒక కాగితం మీద రాయండి. చాలామంది ఈ పని చేయరు. చేస్తే కొందరికి అసలు టెంటే అక్కరలేదని తేలిపోతుంది.

నంది కొండలు, స్కందగిరి, సావనదుర్గ, కోలార్ దగ్గరి అంతరగంగె లాంటివి తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదిరేలోపు దిగివచ్చేవి. కుమార పర్వతం, తడియాండమోల్, కుద్రేముఖ్ లాంటివి అటవీ శాఖ పరిధిలోవి. వీటికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అడవిలో ఎక్కడపడితే అక్కడ రాత్రి బసకు ఒప్పుకోరు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు అటవీ శాఖ బుకింగ్ వివరాలు మళ్లీ చూసుకోండి. దొంగచాటుగా టెంటు వేసుకునే ఆలోచన వద్దు. జరిమానా సంగతి అలా ఉంచినా, పశ్చిమ కనుమల అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి.

హిమాలయాలకు నిర్వాహకులతో కలిసి వెళ్లేవారికి సాధారణంగా టెంటు వాళ్లే ఇస్తారు. ఆ ఒక్క ప్రయాణం కోసం కొనకండి.

ఇక మిగిలేవి: కడప జిల్లా గండికోట, సకలేశపుర, చిక్కమగళూరు, కొడగు వైపు టెంటు వేసుకోనిచ్చే కాఫీ తోటలు, చెరువుల పక్కన ఉండే ప్రైవేటు క్యాంపులు, అనుమతి ఉన్న కొన్ని దారులు. మీ కాగితం మీద ఇలాంటి రాత్రులు మూడుకు మించకపోతే ఈ ఏడాదికి అద్దె టెంటు చాలు. బెంగళూరులో అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. అద్దెకు తీసుకునేటప్పుడు అక్కడే సంచీ విప్పించి మేకులు లెక్కపెట్టండి, జిప్పులన్నీ ఒకసారి లాగి చూడండి, పోల్స్‌లో (టెంటును నిలబెట్టే కడ్డీల్లో) పగుళ్లు వెతకండి. కొనాలనుకునేవారికి కూడా ఒకసారి అద్దె టెంటులో పడుకుని చూడడం మంచి బేరం. తనకు ఏది చికాకో ఆ ఒక్క రాత్రిలో తెలుస్తుంది.

2. మీరు మోయగల బరువు లెక్క వేయండి

కొత్తవారికి వీపు మీది మొత్తం బరువు సొంత బరువులో అయిదో వంతు దాటకపోతే మంచిదని ఒక మోటు లెక్క ఉంది. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. అందులో ఖాళీ బ్యాగే కిలోన్నర నుంచి రెండు కిలోలు, నీళ్లు రెండు మూడు లీటర్లు, స్లీపింగ్ బ్యాగు, మ్యాటు కలిపి రెండు కిలోల దాకా, బట్టలు, తిండి, చిల్లర సామాను. అన్నీ తీసేస్తే టెంటుకు మిగిలేది ఒకటిన్నర, మహా అయితే రెండు కిలోలు.

ఇది ఒక్క మనిషి లెక్క. ఇద్దరు వెళ్లేటప్పుడు రెండున్నర కిలోల చవక టెంటును పంచుకుంటే తలా కిలోంబావు. ఒక్కరే మోసే ఖరీదైన కిలోన్నర టెంటు కంటే ఇదే తేలిక! ఒకరు పోల్స్, మేకులు, పై తొడుగు తీసుకోండి. రెండోవారు లోపలి టెంటు, వంట గిన్నెలు తీసుకోవచ్చు. వేల రూపాయలు పోసి బరువు తగ్గించే ముందు ఈ పంపకం జరిగిందో లేదో చూసుకోండి. ఎప్పుడూ ఒంటరిగానే నడుస్తారా? అప్పుడు రెండు కిలోల లోపు టెంటుకు కాస్త ఎక్కువ ఖర్చు పెట్టడంలో అర్థముంది.

జాగ్రత్త: చాలా టెంట్ల మీద రెండు బరువులు రాస్తారు. ఒకటి లోపలి టెంటు, పై తొడుగు, పోల్స్ మాత్రమే కలిపిన కనిష్ఠ బరువు. రెండోది మేకులు, తాళ్లు, సంచులతో సహా ఉండే పూర్తి బరువు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటిది. మీ వీపు మీదికి వచ్చేది రెండోది. రెండు టెంట్లను పోల్చేటప్పుడు ఒకదాని కనిష్ఠ బరువును ఇంకోదాని పూర్తి బరువుతో పోల్చకండి.

3. నేల మీద సుద్దతో గీసి పడుకుని చూడండి

ఇద్దరి టెంటు అంటే ఇద్దరు భుజాలు తగిలేలా, బ్యాగులు బయట పెట్టి పడుకునే టెంటు. సాధారణంగా లోపలి వెడల్పు 130 సెంటీమీటర్లు, పొడవు 210 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మామూలు మ్యాట్లు 50 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు. మీరు చూస్తున్న టెంటు కొలతల్నే హాలులో సుద్దతో గీసి, మ్యాట్లు పరిచి, తోడు వచ్చే మనిషితో పడుకోండి. మొహమాటపడకండి. రాత్రి పది గంటల పాటు వానలో ఇరుక్కోవలసి వచ్చేది ఆ పెట్టెలోనే.

ఎత్తరులు పొడవు దగ్గర జాగ్రత్తపడాలి. గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి 210 సెంటీమీటర్ల టెంటులో 178 సెంటీమీటర్ల మనిషి నిటారుగా పడుకుంటే స్లీపింగ్ బ్యాగు పాదాల దగ్గర గోడకు తగులుతుంది. ఆ గోడ మీద తేమ ఉంటే పొద్దునకల్లా బ్యాగు కొస తడిసి ఉంటుంది. మధ్య ఎత్తు ఒక మీటరుకు అటూ ఇటూ ఉంటే కూర్చుని చొక్కా మార్చుకోవచ్చు.

ఇద్దరూ ఒడ్డూ పొడుగూ ఉన్నవారైతే ముగ్గురి టెంటు తీసుకోండి. అర కిలో పెరుగుతుంది, పంచుకుంటే పావు కిలో. ముగ్గురు స్నేహితులు మాత్రం ముగ్గురి టెంటులో పడుకోవాలనుకోకండి. నలుగురి టెంటు మోయడం కంటే రెండు ఇద్దరి టెంట్లు నయం.

4. నిర్మాణం చూడండి

బట్ట, బ్రాండు, ధర తరువాత. ముందు టెంటు ఎలా నిలబడుతుంది, వానను ఎలా ఆపుతుంది అన్నది చూడాలి. మన వైపు నేలకు, వానకు నేను నాలుగు విషయాలు తప్పనిసరి అంటాను.

మొదటిది రెండు పొరలు. లోపల దోమతెర బట్టతో ఒక గది, దాని మీద విడిగా వాన ఆపే పై తొడుగు. ఒకే పొర టెంట్లు తేలికే, చవకే. కానీ రాత్రంతా మనిషి ఊపిరిలోని తేమ చల్లబడిన బట్టకు లోపలి వైపు నీటిబొట్లుగా పేరుకుంటుంది. రెండు పొరలుంటే ఆ బొట్లు పై తొడుగుకే ఉండిపోతాయి, మనకూ వాటికీ మధ్య దోమతెర ఉంటుంది. ఒకే పొరైతే అవి నేరుగా మీ దుప్పటి మీదికే.

రెండోది, పై తొడుగు నేల దాకా రావాలి. చవక టెంట్లలో మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. కొన్నింటి పై తొడుగు నెత్తిన పెట్టిన టోపీలా పైభాగాన్ని మాత్రమే కప్పుతుంది. బెంగళూరు చుట్టుపక్కల మే నెల సాయంత్రాల్లో పడే ఉరుముల వాన నిలువుగా పడదు. గాలితో పాటు అడ్డంగా కొడుతుంది. అలాంటి వానలో టోపీ టెంటు గోడలు పది నిమిషాలు కూడా ఆగవు. ఫొటోలో పై తొడుగు అంచు నేలకు జానెడు ఎత్తులో ఉందా, టెంటు సగం ఎత్తులోనే ఆగిపోయిందా చూడండి. సగంలోనే ఆగిపోతే ఎంత చవకైనా వదిలేయండి.

మూడోది, మేకులు దిగకపోయినా తనంతట తానే నిలబడాలి. బెంగళూరు చుట్టూ ఉన్న కొండలు చాలావరకు నల్లరాతి గుట్టలు. గండికోటలో పెన్నా లోయ అంచున పరచుకున్నదీ బండే. వాటిలో మేకు దిగదు. రెండు పోల్స్ ఒకదాన్నొకటి అడ్డంగా దాటే గుమ్మటం ఆకారపు టెంటు రాతి మీద కూడా నిలబడుతుంది, జాగా బాగాలేకపోతే అమాంతం ఎత్తి పక్కకు పెట్టుకోవచ్చు. నడక కర్రలతో నిలబెట్టే టెంట్లు బరువులో చాలా తక్కువ, చూడడానికి మనసు లాగుతాయి. కానీ మేకులు గట్టిగా దిగితే తప్ప అవి నిలబడవు. మొదటి టెంటుగా వద్దు.

నాలుగోది గాలి ఆడే కిటికీ. పై తొడుగు పైభాగంలో వాన పడుతున్నా తెరిచి ఉంచగలిగే చిన్న రంధ్రం ఒకటైనా ఉండాలి, రెండుంటే ఇంకా మంచిది. డిసెంబరులో తప్ప మన వైపు టెంటులో చలి కంటే ఉక్కే ఎక్కువ బాధిస్తుంది.

తలుపు ముందు చిన్న వసారా ఉంటే చెప్పులు, బురద బూట్లు, బ్యాగులు అక్కడ పెట్టుకోవచ్చు. రెండు వైపులా తలుపులుంటే అర్ధరాత్రి లేచినవారు పక్కవారిని దాటుకుంటూ వెళ్లనక్కరలేదు. ఇవి ఉంటే సంతోషం. లేకపోయినా బతకవచ్చు.

విసిరితే రెండు సెకన్లలో తెరుచుకునే టెంట్ల గురించి కూడా అడుగుతారు. కారులో వెళ్లేవారికి అవి హాయి. మడిస్తే పెద్ద పళ్లెమంత చక్రం అవుతుంది, బ్యాగులో పట్టదు, బస్సులో సీటు పైన పెట్టే చోటా పట్టదు.

5. చీటీ మీది అంకెలు చదవండి

మొత్తం చదవనక్కరలేదు, మూడు చాలు.

వాన అంకె. ఎంఎంలలో ఉంటుంది. 2000 ఎంఎం అంటే బట్ట మీద రెండు మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలబెట్టేదాకా నీరు దిగదని. పై తొడుగుకు 1500 ఉంటే మామూలు వానలకు సరిపోతుంది, 2000 ఉంటే నిశ్చింత. అడుగు బట్టకు 3000 చూడండి. మోకాలు, మోచేయి ఆనించినచోట తడి నేల నుంచి నీరు ఒత్తిడితో పైకి వస్తుంది కాబట్టి అక్కడ ఎక్కువ కావాలి. అంకె రాయకుండా "వాటర్‌ప్రూఫ్" అని మాత్రమే రాసి ఉంటే లేదనే అనుకోండి. ఇంకో సంగతి: కారే టెంట్లలో చాలావరకు బట్ట మధ్యలో కారవు, కుట్ల దగ్గర కారతాయి. కుట్ల మీద లోపలివైపు టేపు అంటించి ఉందో లేదో ఈ అంకె కంటే ముందు చూడాలి.

బట్ట. పాలిస్టర్, నైలాన్ రెండే ప్రధానం. పాలిస్టర్ కాస్త బరువు, చవక, ఎండకు ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది, తడిసినా సాగదు. నైలాన్ తేలిక, అదే మందంలో గట్టిది, కానీ తడిస్తే సాగి వేలాడుతుంది. పడుకునే ముందు తాళ్లు మళ్లీ బిగించాలి. 20డీ, 75డీ అనేవి దారం మందం. అంకె తగ్గేకొద్దీ పలుచన. మొదటి టెంటుకు పాలిస్టర్ అయితే నేను వంక పెట్టను. రెండువైపులా సిలికాన్ పూసిన నైలాన్ అయితే దానికి టేపు అంటదు, కుట్లకు విడిగా సిలికాన్ లేపనం పూయాలి. ఆ పని కొన్నవారే చేసుకోవలసి వస్తుందా అని అడగండి.

పోల్స్. ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం. ఫైబర్‌గ్లాస్ విరిగితే నిలువుగా చీలి పీచులు లేస్తాయి, చేతికి గుచ్చుకుంటాయి, అక్కడికక్కడ బాగుచేయడం కష్టం. అల్యూమినియం ముందు వంగుతుంది, దెబ్బతిన్నచోట చిన్న తొడుగు గొట్టం ఎక్కించి రాత్రి గడిపేయవచ్చు, బరువు కూడా తక్కువ. 7001 లేదా 7075 అని రాసి ఉంటే అవి మంచి రకాలు. బడ్జెటులో ఒక్క విషయానికి వెయ్యి రూపాయలు అదనంగా పెట్టగలిగితే పోల్స్‌కే పెట్టండి.

6. డబ్బు

ధరలు మారుతుంటాయి, తగ్గింపులు వస్తుంటాయి. ఇంచుమించుగా చెప్పాలంటే, మూడు నుంచి ఐదు వేలలో ఫైబర్‌గ్లాస్ పోల్స్‌తో రెండున్నర నుంచి మూడు కిలోల పాలిస్టర్ టెంటు వస్తుంది. ఏడు నుంచి పన్నెండు వేలలో అల్యూమినియం పోల్స్‌తో కిలోన్నర నుంచి రెండు కిలోలది. కిలో చుట్టుపక్కల కావాలంటే ఇరవై వేలు దాటుతుంది. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు వెళ్లినప్పుడు పెట్టిన డబ్బుకు నిజంగా ఫలితం కనిపిస్తుంది. మూడో మెట్టు కొత్తవారికి అనవసరం. ఇద్దరు కలిసి కొని ఇద్దరూ వాడుకోవడం ఇంకా మంచిది, స్నేహం అంత గట్టిదైతే.

కొత్తవారి జాబితాల్లో డెకాథ్లాన్ వారి క్వెచువా ఎంహెచ్100 మొదటి మెట్టుకు, నేచర్‌హైక్ వారి క్లౌడ్ అప్ రెండో మెట్టుకు తరచుగా కనిపిస్తాయి. రెండూ చూడదగ్గవే. క్లౌడ్ అప్ విషయంలో ఒక్కమాట: అదే పేరుతో 210టీ (టీ అంటే నేతలో దారాల లెక్క) పాలిస్టర్‌లోనూ, 20డీ నైలాన్‌లోనూ దొరుకుతుంది. ధర తక్కువగా కనిపించి, బరువు మాత్రం 20డీ రకానిది రాసి ఉంటే, మీకు వచ్చేది ఏ బట్టో అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

7. దుకాణంలో చేయవలసినవి

సర్జాపుర రోడ్డు లాంటి చోట్ల పెద్ద క్రీడా సామాను దుకాణాల్లో కొన్ని టెంట్లు వేసి ఉంచుతారు. వేసి లేకపోతే వేయించమని అడగండి. తరువాత:

- లోపలికి వెళ్లి బూట్లు విప్పి పూర్తిగా పడుకోండి. తల, పాదాలు గోడకు తగులుతున్నాయా?
- తలుపు జిప్పును ఒంటి చేత్తో తెరిచి మూయండి. పక్క బట్ట జిప్పులో ఇరుక్కుంటుంటే చీకట్లో రోజూ అదే తంటా.
- పై తొడుగును వెలుతురుకు పట్టి కుట్ల వెంట టేపు చూడండి. మూలల దగ్గర టేపు ముడతలు పడి లేచి ఉందేమో వేలితో రాయండి.
- పై తొడుగు, లోపలి గది మధ్య అరచేయి పట్టేంత ఎడం ఉందా? రెండూ అంటుకుంటే తేమ లోపలికి దిగుతుంది.
- సంచీలో పెట్టిన టెంటు పొడవు కొలవండి. అది మీ బ్యాగు వెడల్పును దాటితే అడ్డంగా పట్టదు. పోల్స్ విడిగా తీసి పక్క జేబులో నిలువుగా పెట్టుకునే దారి ఒకటుంది.

ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్షలన్నీ ఇంటికి మారతాయి, కాబట్టి వాపసు గడువు చూసి, బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు తెప్పించుకోండి. ప్రయాణం ముందురోజు పెట్టె వచ్చి, కొండ మీదే మొదటిసారి విప్పేవారికి మేకులు తక్కువ వచ్చిన సంగతి అక్కడే తెలుస్తుంది. సమీక్షల్లో ఐదు నక్షత్రాలవి వదిలేసి, రెండు మూడు నక్షత్రాలవి చదవండి. అందులో "వాన", "జిప్పు", "పోల్" అన్న మాటలు వెతకండి.

8. మేడ మీద పరీక్ష

దీన్ని రెండు విడతలుగా చేయండి. తడిపిన టెంటును వాపసు తీసుకోకపోవచ్చు.

పొడి విడత. ముందు తూకం వేయండి. చీటీ మీది పూర్తి బరువు కంటే వంద గ్రాములు అటూ ఇటూ ఉంటే పరవాలేదు. నాలుగు వందలు ఎక్కువుంటే వెనక్కి పంపండి. మేకులు, తాళ్లు లెక్కపెట్టండి. టెంటు వేయండి, విప్పండి, మళ్లీ వేయండి. రెండోసారి దీపాలు ఆర్పేసి తల లైటుతో వేయండి. పోల్స్‌ను గొట్టం బట్టలోంచి తీసేటప్పుడు లాగకండి, అవతలి వైపు నుంచి తోయండి. లాగితే లోపలి సాగే తాడు మీద భారం పడి ముక్కలు విడిపోతాయి. మడిచేటప్పుడు మధ్య నుంచి మొదలుపెడితే ఆ తాడు రెండువైపులా సమానంగా సాగుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఒక రాత్రి అక్కడే పడుకోండి. బెంగళూరు రాత్రులు ఇందుకు చాలా అనుకూలం, దోమలు తప్ప. వాటి సంగతి లోపలి దోమతెర చూసుకోవాలి, అది కూడా పరీక్షే.

తడి విడత. టెంటు ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాకే. సాయంత్రం వాన వచ్చే రోజైతే వానకే వదిలేయండి. లేకపోతే మొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో కుట్ల మీద, మూలల మీద, తలుపు జిప్పు మీద పది నిమిషాలు పోయండి. వేసవిలో ట్యాంకరు నీళ్లతో పైపు పెట్టి ఈ పని చేస్తే అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో మీ పేరు వస్తుంది. ఈలోగా మరొకరు లోపల పాత వార్తాపత్రికలు పరిచి కూర్చుంటే, నీటి చుక్క ఎక్కడ పడిందో కాగితం మీద మచ్చే చెబుతుంది.

ఏమి చూడాలి? కుట్టు వెంట వరుసగా బొట్లు వస్తే అది కారడం. ఆరబెట్టి, బట్టకు సరిపోయే కుట్టు లేపనం పూయండి: వాన ఆపడానికి బట్టకు పూసినది పాలియురిథేన్ అయితే పాలియురిథేన్‌ది, సిలికాన్ అయితే సిలికాన్‌ది. ఒకటి మీద ఒకటి నిలవదు. బట్ట మధ్యలోంచి చెమర్చితే ఆ టెంటుకు మందు లేదు, అమ్మినవారితో మాట్లాడవలసిందే. వాన లేని రాత్రి తెల్లవారి చూస్తే పై తొడుగు లోపలంతా సన్నటి తుంపర ఒకే తీరుగా పరచుకుని ఉంటే అది మీ ఊపిరే. టెంటు తప్పేమీ లేదు, గాలి కిటికీలు తెరవండి. ఈ రెండింటి తేడా తెలియక మంచి టెంట్లను "కారుతోంది" అని వెనక్కి పంపేవారు చాలామంది.

9. పెట్టెలో రానివి కొన్ని

చవక టెంట్లతో వచ్చే సన్నని ఇనుప మేకులు గట్టి నేలలో మొదటి దెబ్బకే వంగుతాయి. వై ఆకారపు అల్యూమినియం మేకులు ఆరో ఎనిమిదో విడిగా కొనండి. బరువు పెద్దగా పెరగదు. సన్నని నైలాన్ తాడు పది మీటర్లు ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. అల్యూమినియం తొడుగు గొట్టం ఒకటి, వెడల్పాటి గట్టి టేపు కొంత. ఆ టేపును నీళ్ల సీసాకు చుట్టి పెట్టుకుంటే విడిగా మోసే పని లేదు.

అడుగున పరిచే పట్టా కోసం కంపెనీవారు అమ్మేది కొననక్కరలేదు. కె.ఆర్. మార్కెట్ దగ్గర పలుచటి ప్లాస్టిక్ పట్టా మీటర్ల లెక్కన కొని కత్తిరించుకోండి. ఒక్క షరతు: అది టెంటు అడుగు కంటే అన్నివైపులా నాలుగైదు సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. కొత్తవారు "ఎక్కువుంటే మంచిదేగా" అని పెద్దది పరుస్తారు. బయటికి వచ్చిన అంచు మీద పడిన వాన నీరు నేరుగా టెంటు కిందికి చేరి చెరువవుతుంది.

10. కొండ మీద వేసేటప్పుడు

పల్లంలో వేయకండి. ఎండినట్టు కనిపించే వాగు దారిలో అసలే వద్దు. తలుపు గాలికి ఎదురుగా కాకుండా చూడండి. మూలలకు ఎదురెదురుగా మేకులు దించుతూ, అడుగు బట్ట ముడతలు లేకుండా లాగండి. మేకు తల టెంటుకు దూరంగా వాలి ఉండాలి. తాళ్లు కట్టడం బద్ధకిస్తారు, వాన లేదు కదా అని. అర్ధరాత్రి గాలి లేచాక చీకట్లో కట్టడం కంటే వెలుతురుండగా కట్టడమే సులువు.

రాతి నేల మీద తాడు కొసను చిన్న పుల్లకో రాయికో కట్టి, దాని ముందు తాడు మీద పెద్ద రాయి పెట్టండి. తాడు లాగినప్పుడు చిన్నది పెద్దదాని వెనక చిక్కుకుంటుంది. పెద్ద రాయికే నేరుగా తాడు చుడితే రాత్రంతా రాపిడికి తెగుతుంది. గండికోటలో లోయ అంచుకు దగ్గరగా టెంటు వేసి ఫొటో తీసుకోవాలనిపిస్తుంది. ఫొటో తీసుకుని టెంటును వెనక్కి జరపండి. ఖాళీ టెంటును మేకులు లేకుండా వదిలి వెళ్లకండి, గాలి దాన్ని గాలిపటంలా ఎత్తుకుపోతుంది.

టెంటు లోపల, వసారాలో స్టవ్ వెలిగించవద్దు. బట్ట అంటుకోవడం ఒక ప్రమాదం. కనిపించకుండా, వాసన లేకుండా పేరుకునే కార్బన్ మోనాక్సైడ్ అంతకంటే పెద్దది. ఎంత వాన పడుతున్నా అటుకులు, అరటిపండ్లతో ఆ పూట గడిపేయండి.

11. తిరిగి వచ్చాక

సోమవారం ఆఫీసు ఉంటుంది, తడి టెంటు సంచీలోనే ఉండిపోతుంది. అదే దాని ప్రాణం తీస్తుంది. వచ్చిన రాత్రే బాల్కనీ తీగ మీద, కుర్చీల మీద పరిచేయండి. పూర్తిగా ఆరడానికి ఒకరోజు పడుతుంది. తీవ్రమైన ఎండలో రోజుల తరబడి వదలకండి. సబ్బు పొడి, వాషింగ్ మెషిన్ రెండూ వద్దు. మట్టి ఉంటే తడి గుడ్డతో తుడవండి, జిప్పు పళ్లను పాత పళ్ల బ్రష్‌తో శుభ్రం చేయండి. జిప్పు మూసినా వెనక విడిపోతుంటే చాలాసార్లు చెడిపోయింది జారుడు ముక్క మాత్రమే. బ్యాగులు బాగుచేసేవారు చిన్న ఖర్చుతో మార్చి ఇస్తారు.

దాచేటప్పుడు చిన్న సంచీలో బిగించి కాకుండా పాత దిండు గలీబులో వదులుగా పెట్టి, అలమరా పైఅరలో ఉంచండి. తేమలో మడిచి ఉంచితే పాలియురిథేన్ పూత విచ్చిపోయి జిగురుగా మారుతుంది, ఒకరకమైన పుల్లటి వాసన వస్తుంది. చెన్నై లాంటి తేమ ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి తీసి, పై తొడుగు లోపలి వైపు వేళ్లతో రాసి చూడండి. వేళ్లకు అంటుకుంటుంటే పూత పోయినట్టే. ఆ తొడుగును ఇక వాన ప్రయాణాలకు నమ్మకండి. లోపలి గది, పోల్స్ బాగుంటే ఎండాకాలంలో మేడ మీద పడుకోవడానికి దోమతెరగా ఇంకా చాలా ఏళ్లు పనికొస్తాయి.